మందం

మా దిక్కు స్లాబంటే నెత్తి మీదిది.
వానకు అడ్డం, ఎండకు అడ్డం,
ఉక్కపోతల మంచమేసుకునే జాగ.
ఈ జీలాంగుల స్లాబంటే కాళ్ళ కింది సంగతి.
ఇంటికన్న ముందు పుట్టి, ఇల్లు పోయినంక గూడ
గడ్డిల వెల్లకిల పడి ఉంటది.

కోరియోల ఒక పాత ఇంటి పెరడు.
షెడ్డు రేకులు నిన్ననే లేచిపోయినయి.
మిగిలింది ఇది:
మూడు మీటర్ల పొడుగు,
రెండున్నరకు పది సెంటీలు తక్కువ వెడల్పు,
నూనె మరకలు, ఒక మూలకు తుప్పు బోల్టు,
దాని నీడల మూడు నత్తలు.

"ఎంతుంటది?"
లారీ మీంచి అడుగుతడు మిలోరాడ్.
క్రేను చెయ్యి కంచె దాటి ఇంత దూరం చాపితే
రెండు టన్నులకు మించి మోయదు.
మించితే లేచేది స్లాబు గాదు,
లారీ అవతలి చక్రాలు.
బరువు చెప్పుడు నా పని.
తప్పు చెప్తే ఆ తప్పు కిందికే ఎవరో ఒకరు వస్తరు.

డోరీన్ పాస్కో చాయ్ కప్పు పట్టుకుని
మెట్ల మీద కూసున్నది.
"నాలుగంగుళాలు. మా రెజ్ సొంతంగ పోసిండు,
డెబ్బై నాలుగుల, ఈస్టర్ సెలవులల్ల."
ముందంచు మట్టి పైకి కనపడుతనే ఉంది.
టేపు పెట్టిన. నాలుగే.

పొడుగు, వెడల్పు, మందం,
ఘనమీటరుకు రెండు వేల నాలుగు వందల కిలోలు.
వేళ్ళ మీదనే తేలింది:
పదిహేడు వందల ఇరవై ఎనిమిది.
మిలోరాడ్ బొటనవేలు లేపిండు.

మా అమ్మ మాత్రం కిలోలల్ల ఎన్నడూ లెక్కపెట్టలే.
తట్టలల్ల పెట్టేది.
స్లాబు పడే రోజు మిల్లరు కాడి నుంచి నిచ్చెన దాక
ఆడోళ్ళ వరుసల ఆమె ఏడోదో ఎనిమిదోదో.
చుట్టబట్ట మీద తట్టెడు తడి కంకర,
ఇరవై నాలుగు కిలోలని నాకు ఇప్పుడు తెలుసు.
పొద్దుమీకి మేస్త్రి ఖాళీ సిమెంటు సంచులు ఎంచుతుంటే
అమ్మ మెడ నిమురుకుంట అనేది:
"మందం ఎక్కువ పోయించిండు వీడు.
కాయితం మీద లేదు గని, నా మెడకు ఎరుకైంది."

డెబ్బై రెండు తట్టలు, నా లెక్క ప్రకారం.
ఎందుకో మనసొప్పలే.
సుత్తి తీసుకుని కొట్టుకుంట నడిచిన.
ముందు దిక్కు ఖంగుమన్నది.
నడిమిట్ల ఆలోచించి పలికింది.
కంచె పొంటి, దబ్బుమని
చప్పుడును లోపలికి మింగింది.

పార తెచ్చి తవ్విన.
పైన రసమట్టం పెట్టినట్టు సాపు,
కింద నేల వెనక్కి జారు.
జారంత పూడ్చుకుంట పోసిండు రెజ్.
కంచె కాడ ఎనిమిది అంగుళాలు.

సగటున పదిహేను సెంటీలు.
రెండు వేల ఐదు వందల తొంభై రెండు.
నూట ఎనిమిది తట్టలు.
ఇగ కొబ్బరికాయ కొట్టుడే తక్కువ.

డోరీన్ పాస్కో వచ్చి గుంతల తొంగిచూసింది.
"నాలుగనే చెప్పిండు నాకు."
"నాలుగేనమ్మా, ముందు."
"నేను ముందే నిలబడ్డ, పిల్లను ఎత్తుకుని."
కొంచెం సేపాగి,
"అందుకేనేమో ఆ ఏడు సముద్రానికి పోలే" అన్నది.
నవ్విందో లేదో నాకు తెలవలే.
కప్పు నోటికి అడ్డమున్నది.

రంపం పట్టి అడ్డంగ కోసినం.
బూడిదరంగు పాలు గడ్డి మీద పారినయి.
పలుచని సగం మాట వినే పిల్లలెక్క లేచింది.
మందపు సగానికి గొలుసులు బిగిసినయి,
తెర మీద అంకె ఎక్కుతనే పోయింది.
నేను చెప్పింది పదిహేను వందల పన్నెండు.
అది పదహారు వందలు. పదహారు వందల అరవై.
మిలోరాడ్ నన్ను చూసిండు.
నా ఒక చెయ్యి ఆగమని లేచింది,
ఇంకోటి నాకు తెలవకనే మెడ మీదికి పోయింది.

మట్టి.
యాభై ఏండ్లు పట్టుకున్నది,
అడగంగనే ఇడుస్తదా?

ఆగినం.
తడి పెదవులు విడిపోయినట్టు ఒక చప్పుడు.
అంకె దిగింది: పదిహేను వందల ఇరవై.

నా లెక్కకు మీద ఎనిమిది కిలోలు.
లోపలి ఇనుప చువ్వలై ఉంటయి.
అంటుకొచ్చిన మట్టై ఉంటది.
ఆ మూడు నత్తలు గూడ ఉంటే ఉండొచ్చు.